న్యూజిలాండ్ వెస్ట్ కోస్ట్‌లో కారు ప్రయాణం: వాన రోజులను ముందే లెక్కలో వేసుకోండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళు వేసుకునే న్యూజిలాండ్ ప్లాన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్, టెకపో సరస్సు, మధ్యలో ఎక్కడో వెస్ట్ కోస్ట్‌లో హిమానీనదం దగ్గరి ఊరు ఫ్రాంజ్ జోసెఫ్‌లో ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రీ వాన పడుతుంది, హెలికాప్టర్ ఎగరదు, మంచు కనిపించదు, పొద్దున్నే బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోతారు. ఇంటికొచ్చాక వెస్ట్ కోస్ట్‌లో ఏముంది అంటారు. అక్కడ చాలా ఉంది, కానీ ఆ తీరానికి సమయం ఇవ్వాలి. ఆ దేశపు దక్షిణ దీవి సౌత్ ఐలాండ్‌కు రెండు వారాలు పెట్టుకుంటే అందులో సగం ఈ పడమటి తీరానికే ఇవ్వమని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను.

ముందు అక్కడి వాన సంగతి తెలిస్తే ప్లాన్ వేసుకోవడం తేలికవుతుంది. టాస్మన్ సముద్రం మీదుగా పడమటి గాలులు తేమను మోసుకొస్తాయి. తీరానికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలోనే సదరన్ ఆల్ప్స్ గోడలా నిలబడి ఉంటాయి, అక్కడి అవొరాకి అనే మౌంట్ కుక్ ఎత్తు 3,724 మీటర్లు. ఆ గాలి కొండలను దాటలేక మోసుకొచ్చిందంతా అక్కడే దించేస్తుంది. పైన మంచుగా పడితే ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ అనే హిమానీనదాలు (గ్లేసియర్లు), కింద నీళ్ళుగా పడితే అడవి, వరద నదులు. ఆ నదులే కొండల్లోని బంగారాన్ని కోసుకొచ్చి తీరం ఇసుకలో కలిపాయి, దాని కోసమే 1864 నుంచి వేలమంది ఇక్కడికి ఎగబడ్డారు. గ్లేసియర్, గని ఊరు, రోడ్డు మీద విరిగిపడే కొండచరియ, అన్నిటికీ మూలం ఆ వానే. 2019 మార్చిలో హొకిటిక వెనక కొండల్లోని క్రాప్ అనే చోట 48 గంటల్లో 1,086 మిల్లీమీటర్ల వాన కురిసింది. బెంగళూరులో సగటున ఏడాదంతా పడే వానకంటే అది ఎక్కువ. ఆ దెబ్బకు ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది మీది వంతెన కొట్టుకుపోయింది. మూడు వారాల లోపే మళ్ళీ కట్టేశారు కానీ అన్నాళ్ళూ తీరం రెండు ముక్కలుగా ఉండిపోయింది.

కాబట్టి దారి ఇలా పెట్టుకోండి. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి అక్కడే ఒక రాత్రి, ఆర్థర్స్ పాస్ మీదుగా గ్రేమౌత్‌కు వెళ్ళి రెండు మూడు రాత్రులు, హొకిటికలో ఒకటి, ఫ్రాంజ్ జోసెఫ్ లేదా ఫాక్స్‌లో మూడు, ఆ తర్వాత హాస్ట్ మీదుగా వనాకా. దూరాలు పెద్దవేం కావు. క్రైస్ట్‌చర్చ్ నుంచి గ్రేమౌత్ సుమారు 240 కిలోమీటర్లు, అక్కడి నుంచి హొకిటిక 40, హొకిటిక నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ 135 దాకా, అక్కడికి ఫాక్స్ పాతిక. ఫోన్ మ్యాప్ చూపించే టైమ్‌ను నమ్మి పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు అని బిగించకండి. మలుపులు, ఒంటి వరుస వంతెనలు, ఫొటోల కోసం ఆగడాలు, అన్నీ కలిపి మ్యాప్ చెప్పినదానికి సగం టైమ్ కలుపుకుంటే టెన్షన్ ఉండదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళమనడానికి కారణం ఉంది. గ్లేసియర్ల దగ్గరకు వచ్చేసరికి అక్కడి రోడ్డు, వాతావరణం, అన్నిటికీ మీరు అలవాటుపడి ఉంటారు, పైగా అప్పటికి వచ్చే నాలుగు రోజుల వాతావరణ సూచన చేతిలో ఉంటుంది.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. మనకు విజిటర్ వీసా కావాలి, ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, డిసెంబర్ ప్రయాణమైతే దసరా దాకా ఆగకండి. బెంగళూరు నుంచి నేరుగా విమానం లేదు, సింగపూర్‌లో మారితే అక్కడి నుంచి నేరుగా క్రైస్ట్‌చర్చ్‌కు ఉంది. ఆస్ట్రేలియా మీదుగా టికెట్ చవకగా కనిపిస్తే, మన పాస్‌పోర్ట్‌కు అక్కడ ట్రాన్సిట్ వీసా అవసరమన్న సంగతి గుర్తుపెట్టుకుని లెక్కేయండి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, పరివాహన్ సైట్‌లో అప్లై చేస్తే ఆర్టీఓ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ఏడేళ్ళు నిండని పిల్లలుంటే చైల్డ్ సీటు అక్కడ చట్టప్రకారం తప్పనిసరి, కారుతో పాటే బుక్ చేయండి. కారు అద్దె ఒప్పందంలో రెండు విషయాలు వెతికి చదవండి: ప్రమాదం జరిగితే మన జేబులోంచి ఎంత కట్టాలి, మట్టి రోడ్ల మీద నడపనిస్తారా లేదా. రెండోది ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక మనవాళ్ళందరికీ ఉండే అసలు సందేహం, పచ్చళ్ళు. న్యూజిలాండ్‌లో ఏ తిండి పదార్థం తీసుకెళ్ళినా దిగేటప్పుడు నింపే డిక్లరేషన్‌లో చెప్పి తీరాలి. చెబితే చూస్తారు, పనికొస్తే ఇచ్చేస్తారు, లేదంటే తీసి పారేస్తారు, అంతే. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కరివేపాకు, పళ్ళు, తేనె, విత్తనాలు అసలు పెట్టకండి. కందిపొడి, ఆవకాయ లాంటివి కంపెనీ ప్యాకింగ్‌లో, పైన ఏమేం కలిపారో ఇంగ్లీషులో రాసి ఉన్నవి అయితే అధికారికి చూపించడం సులువు. ఇంట్లో పెట్టిన పచ్చడిని న్యూస్‌పేపర్‌లో చుట్టి పంపే అమ్మలకు ఈ సంగతి ముందే చెప్పండి. ట్రెక్కింగ్ బూట్లు కూడా మట్టి లేకుండా కడిగి పెట్టుకోండి, వాటినీ డిక్లేర్ చేయాలి.

అక్కడ కూడా ఎడమ వైపే నడపాలి, అది మనకు పెద్ద సుఖం. అయినా ఎప్పుడూ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే నడిపే చేతులకు వాన పడుతున్న ఘాట్ రోడ్డు కొత్తగా అనిపిస్తుంది. వెళ్ళే ముందు జులైలోనో ఆగస్టులోనో సకలేశ్‌పుర దాటి శిరాడి ఘాట్ మీదుగా మంగళూరు వైపు ఒకసారి వెళ్ళి రండి. వానలో వైపర్ స్పీడ్, ముందు వాహనానికి ఎంత దూరం ఉండాలి, దిగువలో బ్రేక్ మీదే కాలు పెట్టకుండా గేర్ తగ్గించడం, ఇవి ఇక్కడే అలవాటు చేసుకోవాలి. అక్కడ ఊరు బయట స్పీడ్ లిమిట్ గంటకు 100, కానీ ఆ వంద మీద వెళ్ళాలని రూలేం లేదు. వెనక వాళ్ళు పేరుకుపోతే పక్కన వెడల్పు చోటు చూసి ఆగి దారి ఇవ్వండి, అక్కడి మర్యాద అది. మధ్యలో మన వైపు పసుపు గీత ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదు.

ఒంటి వరుస వంతెన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తీరంలో అవి లెక్కలేనన్ని, మనకు వాటి అలవాటు లేదు. వంతెనకు ముందు రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. నీలం పలక మీద మీ దిశలో పెద్ద తెల్ల బాణం ఉంటే దారి మీది, అయినా నెమ్మదిగా చూసుకునే వెళ్ళాలి. ఎర్ర అంచున్న గుండ్రటి పలక మీద మీ దిశలో చిన్న ఎర్ర బాణం, ఎదుటివైపు పెద్ద నల్ల బాణం ఉంటే దారి అవతలివాళ్ళది. అప్పుడు వంతెన మొదట్లో గీసిన గీత వెనక ఆగి, అవతలి నుంచి వచ్చే చివరి కారు కూడా దాటాకే కదలాలి. హారన్ కొట్టి ముందుకు దూరడం, లైట్లు ఫ్లాష్ చేసి నేను వచ్చేస్తున్నా అని చెప్పడం, ఈ రెండూ ఇక్కడే వదిలేసి వెళ్ళండి. అక్కడ లైట్ ఫ్లాష్ చేస్తే ‘మీరు రండి’ అని అర్థం చేసుకునేవాళ్ళు కూడా ఉంటారు.

దిగిన రోజే కారు తీసుకుని కొండలెక్కకండి. అక్కడి వేసవిలో మనకంటే ఏడున్నర గంటలు ముందుంటారు, అక్కడ పొద్దున తొమ్మిదైతే మన ఒంటికి ఇంకా అర్ధరాత్రి ఒకటిన్నర. మర్నాడు తీరిగ్గా బయలుదేరండి. ఆర్థర్స్ పాస్ ఎత్తు 920 మీటర్లే, కానీ దాటగానే అటువైపు దిగువ బాగా నిటారుగా ఉంటుంది. కొండచరియల బెడదను తప్పించడానికి 1999లో కట్టిన ఒటీరా వయాడక్ట్ అనే పొడవాటి వంతెన ఆ లోయ మీద గాలిలో వేలాడినట్టు సాగుతుంది. దానికి కొంచెం ముందున్న వ్యూపాయింట్ దగ్గర ఆగితే కియా అనే కొండ చిలుకలు వచ్చే అవకాశం ఎక్కువ. ముదురాకుపచ్చ రంగు, రెక్క ఎత్తితే కింద నారింజ. కారు పైకెక్కి అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచును వంకర ముక్కుతో పట్టుకుని, కాలితో తన్నిపెట్టి, ఓపిగ్గా లాగుతుంది. వైపర్ రబ్బరు, యాంటెనా, సైకిల్ సీటు, దేన్నీ వదలదు. పిల్లలు మురిసిపోతారు, కానీ బిస్కెట్ ముక్క కూడా వేయకండి. మనుషుల తిండి అలవాటైన కియా రోడ్డు దగ్గరే తిరిగి బండ్ల కింద పడుతుంది, ఆ జాతి ఇప్పటికే ప్రమాదంలో ఉంది.

గ్రేమౌత్ చూడటానికి మామూలు ఊరే. అక్కడ రెండు మూడు రాత్రులు ఎందుకంటే చుట్టూ గని ఊళ్ళు ఉన్నాయి, వాన రోజున కూడా చూడదగ్గవి అవే. వంటగది ఉన్న మోటెల్ తీసుకోండి, సూపర్ మార్కెట్ పెద్దది ఇక్కడే దొరుకుతుంది. బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు ఇక్కడే నింపుకోండి, దక్షిణానికి వెళ్ళేకొద్దీ దుకాణాలు చిన్నవవుతాయి, ధరలు పెరుగుతాయి, శాకాహారులకు హోటళ్ళలో చిప్స్, పిజ్జా తప్ప పెద్దగా దొరకదు. తడిసి వచ్చిన సాయంత్రం వేడి వేడి చారన్నం తింటే ప్రాణం లేచొస్తుంది.

గ్రేమౌత్‌కు పది పన్నెండు కిలోమీటర్లలో బ్రన్నర్ గని ఉంది. 1896 మార్చి 26న అక్కడ జరిగిన పేలుడులో 65 మంది చనిపోయారు, ఆ దేశ గనుల చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. బొగ్గును కోక్ అనే గట్టి ఇంధనంగా కాల్చిన పాత ఇటుక బట్టీలు, నది మీద వేలాడే వంతెన ఇప్పటికీ ఉన్నాయి. అదంతా పాత కాలం మాట అనుకోకండి. 2010 నవంబర్ 19న ఇదే ప్రాంతంలో పైక్ రివర్ గని పేలి 29 మంది లోపలే ఉండిపోయారు, వాళ్ళ కుటుంబాలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. స్మారకాల దగ్గర సెల్ఫీల హడావుడి పెట్టుకోకండి, పేర్లు చదవండి. దగ్గర్లోనే బ్లాక్‌బాల్ అని చిన్న ఊరు. 1908లో అక్కడి బొగ్గు గని కార్మికులు భోజనం టైమ్ పావుగంట చాలదు, అరగంట కావాలని సమ్మెకు దిగి గెలిచారు. ఆ దేశ కార్మిక ఉద్యమం అక్కడే పుట్టిందని చెప్పుకుంటారు. గనిలో వంగి పలుగు ఆడించిన మనిషికి పావుగంటలో తిని లేవమంటే ఎలా ఉంటుందో అక్కడ నిలబడి ఆలోచిస్తే తెలుస్తుంది.

రీఫ్టన్ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఊరు. గ్రేమౌత్ నుంచి 80 కిలోమీటర్లు. పలుగురాయి చారల్లో బంగారం దొరికిన ఊరు, 1888లోనే వీధులకు, ఇళ్ళకు కరెంటు తెచ్చుకుంది, న్యూజిలాండ్‌లో అదే మొదలు. మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. బెంగళూరు నుంచి కేజీఎఫ్ వంద కిలోమీటర్లే కదా, ఈ ప్రయాణానికి ముందు ఒక ఆదివారం అక్కడికి వెళ్ళిరమ్మని గట్టిగా చెబుతాను. 2001 ఫిబ్రవరి 28న మూసేసిన గని అది, చిత్తూరు వైపు నుంచి వెళ్ళి తరాలపాటు అక్కడ పనిచేసిన మన కుటుంబాలెన్నో. సైనైడ్ దిబ్బలు (బంగారం తీసేశాక మిగిలిన మట్టి గుట్టలు), షాఫ్ట్‌ల మీద, అంటే గనిలోకి నిలువుగా దిగే బావుల మీద, తుప్పు పట్టిన టవర్లు, ఇంగ్లీషు దొరల బంగళాలు, వరసగా కట్టిన కార్మికుల లైన్లు చూసివస్తే, రీఫ్టన్‌లో ఏ ఇల్లు ఎవరిది అయ్యుంటుందో బోర్డు చదవకుండానే ఊహించగలుగుతారు.

రీఫ్టన్‌కు దక్షిణంగా వైయూటా ఉంది, ఇప్పుడు అక్కడ ఊరు లేదు. 1905లో ఎడ్వర్డ్ రాజు పుట్టినరోజున బంగారపు చార కనిపించిందని దానికి బర్త్‌డే రీఫ్ అని పేరు పెట్టారు. 1930ల్లో దాదాపు ఆరు వందల మంది ఉన్నారు, బడి, ఆసుపత్రి, ఈతకొలను అన్నీ ఉండేవి. 1951లో గాలి కోసం వాడే షాఫ్ట్ కూలిపోయింది, గని మూతపడింది, కొద్ది నెలల్లోనే ఊరు ఖాళీ. చాలా ఇళ్ళను విప్పి చెక్కలతో సహా తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడు గడ్డిలో ఒక ఇటుక పొగగొట్టం, మంగలి షాపు, నీళ్ళు లేని ఈతకొలను మిగిలాయి. చివరి కొన్ని కిలోమీటర్లు ఇరుకైన కంకర రోడ్డు, అందుకే ఒప్పందంలో మట్టి రోడ్ల సంగతి చూడమన్నాను. అక్కడ దారి విడిచి పొదల్లోకి వెళ్ళకండి, మూత లేని పాత గుంతలు ఉండొచ్చు.

ఇంకా ఒక రోజు ఉంటే వెస్ట్‌పోర్ట్ దగ్గర కొండ మీదున్న పాత బొగ్గు గని ఊరు డెనిస్టన్‌కు వెళ్ళండి. 1879 నుంచి 1967 దాకా బొగ్గును 518 మీటర్ల ఎత్తు నుంచి నిటారు పట్టాల మీద దించారు. నిండు బండి దిగుతూ తాడుతో ఖాళీ బండిని పైకి లాగేది, ఇంజిన్ లేదు. రోడ్డు లేని తొలి రోజుల్లో ఇంటి సామాను, ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఆ బండ్లలోనే పైకి చేరేవాళ్ళు. దారిలోనే పునకైకి పాన్‌కేక్ రాళ్ళు, అట్లు దొంతర పేర్చినట్టుండే సున్నపురాయి. సముద్రం బాగా పోటు మీద ఉన్నప్పుడు వెళ్తేనే రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, పోటు సమయం చూసుకుని రోజును దాని చుట్టూ సర్దుకోండి. కాలిబాట చదునుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు, మామయ్యగారు కూడా హాయిగా తిరగొచ్చు.

హొకిటికలో పచ్చ జేడ్ రాయి కొనేవాళ్ళు ఆ రాయి ఎక్కడిదో అడిగి కొనండి. దాన్ని పౌనము అంటారు, 1997 చట్టం ప్రకారం ఆ ప్రాంతపు పౌనము హక్కు న్గాయి తహు అనే మావోరీ తెగది. బయటి దేశాల రాయిని చెక్కి అమ్మేవాళ్ళూ ఉంటారు. హొకిటిక గార్జ్‌లో నీళ్ళు పాలు కలిపిన నీలం రంగులో ఉంటాయి, మంచు కొండను అరగదీసిన రాతిపొడి వల్ల, కానీ పెద్ద వాన పడిన మర్నాడు బురద రంగే కనిపిస్తుంది. ఇంకొంచెం దక్షిణాన రాస్ అనే ఊళ్ళో 1909లో మూడు కిలోలకు పైగా ఉన్న బంగారు ముద్ద దొరికింది, దాన్ని ఐదో జార్జ్ రాజు పట్టాభిషేకానికి కానుకగా పంపించారు. ఇసుక కడిగి బంగారం వెతకాలని పిల్లలు అడిగితే గ్రేమౌత్ దగ్గర షాంటీటౌన్‌లో చేయిస్తారు.

ఇప్పుడు గ్లేసియర్లు. 2012 నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ మంచు మీదకు కింద నుంచి నడిచి ఎక్కే వీలు లేదు, మంచు అంతగా వెనక్కి పోయింది. ఫాక్స్‌కు వెళ్ళే పాత రోడ్డు 2019 కొండచరియల తర్వాత శాశ్వతంగా మూసేశారు. మంచు మీద అడుగుపెట్టాలంటే హెలికాప్టర్ ఒక్కటే మార్గం, మనిషికి వందల డాలర్లు అవుతుంది. అందుకే మూడు రాత్రులు ఉండమన్నాను: వచ్చిన మర్నాడు పొద్దుటి మొదటి స్లాట్ బుక్ చేయండి, రద్దయితే వెంటనే తర్వాతి రోజుకు మార్చమని అడగండి, ఆ తర్వాతి రోజును కూడా చేతిలో ఉంచుకోండి. మధ్యాహ్నానికల్లా మబ్బు పట్టే రోజులే ఎక్కువ. వాతావరణం వల్ల రద్దయితే డబ్బు వాపసు ఎలా ఇస్తారో కట్టే ముందే చదవండి. కింద ఊళ్ళో ఎండగా ఉన్నా పైన గాలి ఉందని ఆపేస్తారు, పైలట్ వద్దన్నాక వాదించకండి.

డబ్బు అంత పెట్టలేనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఫ్రాంజ్ జోసెఫ్ లోయలో సెంటినెల్ రాక్ మీదికి కొద్ది నిమిషాల నడక, అక్కడి నుంచి దూరంగా మంచు కనిపిస్తుంది. ఫాక్స్ దగ్గర మాథెసన్ సరస్సు చుట్టూ నడవడానికి గంటన్నర, తెల్లవారగానే గాలి లేనప్పుడు వెళ్తే మౌంట్ కుక్, టాస్మన్ శిఖరాలు నీళ్ళలో కనిపిస్తాయి. డిసెంబర్‌లో రాత్రి తొమ్మిది దాటాకే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రం ఇంకోసారి ప్రయత్నించొచ్చు. శిఖరాలు స్పష్టంగా కనబడటమే ముఖ్యమైతే జూన్ నుంచి ఆగస్టు మంచిది, చలికాలంలో ఈ తీరంలో తేటగా ఉండే రోజులు ఎక్కువ. కాకపోతే ఆర్థర్స్ పాస్‌లో మంచు పడొచ్చు, టైర్లకు గొలుసులు పెట్టుకోవడం తెలిసుండాలి.

శాండ్‌ఫ్లై అనే చిన్న నల్ల ఈగలు బీచ్‌లో, సరస్సు ఒడ్డున కమ్ముకుంటాయి, కుట్టినచోట రోజుల తరబడి దురద. నిండు చేతుల బట్టలు, దోమల క్రీమ్ ఉంచుకోండి. గొడుగు గాలికి నిలవదు, మంచి రెయిన్ జాకెట్ కొనండి.

ఫాక్స్ నుంచి హాస్ట్ సుమారు 120 కిలోమీటర్లు, అక్కడి నుంచి వనాకా మరో 140. ఈ దారిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, పెట్రోల్ బంకులు అరుదు. ఫాక్స్‌లో ట్యాంక్ నింపండి, మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ప్రమాదమైతే నంబర్ 111. బయలుదేరే పొద్దున న్యూజిలాండ్ రవాణా సంస్థ (NZTA) సైట్‌లో రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. 1965లో ఈ రోడ్డు పూర్తయ్యేదాకా గ్లేసియర్ల వైపు దక్షిణం నుంచి రోడ్డే లేదు, ఇప్పటికీ ఇదొక్కటే. హాస్ట్ దగ్గర కొండచరియ పడి మూసుకుంటే వనాకా చేరడానికి ఆర్థర్స్ పాస్ దాకా వెనక్కి వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి, దానికి రోజు సరిపోదు. అందుకని క్వీన్స్‌టౌన్ నుంచి తిరుగు విమానాన్ని వనాకా చేరిన రోజుకో మర్నాటికో పెట్టుకోకండి, కనీసం రెండు రోజులు వదలండి. దారి బాగుండి ఆ రెండు రోజులూ మిగిలితే ఆరోటౌన్‌లో గడపండి. 1862 బంగారు ఊరు, చైనా గని కార్మికుల చిన్న చిన్న రాతి గుడిసెలు ఏటి ఒడ్డున ఇంకా ఉన్నాయి. ఆ ఒటాగో ప్రాంతంలో గోల్డ్ రష్ మొదలైన 1861కి ముందే బంగారం కనిపెట్టినవాడు మన బొంబాయి వైపు నుంచి వెళ్ళిన ఎడ్వర్డ్ పీటర్స్. బహుమతి మాత్రం 1861లో బంగారం కనిపెట్టిన గాబ్రియేల్ రీడ్‌కు దక్కింది. అక్కడ ఎవరైనా గోల్డ్ రష్ కథ రీడ్‌తో మొదలుపెడితే పీటర్స్ పేరు మీరు చెప్పండి.